ఓరుగల్లు మట్టికోట, బురుజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓరుగల్లు కోట అనగానే అందరికీ కీర్తి తోరణాలే గుర్తొస్తాయి. ఆ తోరణాల దగ్గరికి వెళ్లే దారిలో రెండు కోటగోడలు దాటాలి. వాటిలో మొదటిది మట్టిది. చాలామంది దాన్ని చెట్లు మొలిచిన గట్టు అనుకుని బండి ఆపకుండా వెళ్లిపోతారు. ఢిల్లీ సేనలు మొట్టమొదట తలపడింది ఆ గట్టుతోనే. కోట చూడ్డానికి వచ్చేవాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, స్కూలు ప్రాజెక్టు చేసే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదట వచ్చే సందేహాలు

కీర్తి తోరణాలే కదా కోట ద్వారాలు?

కావు. నాలుగు కీర్తి తోరణాలూ కోట మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలబెట్టినవి. వాటికి తలుపులు లేవు, పక్కన గోడ లేదు, కాపలా కాయడానికి పనికొచ్చే ఏర్పాటేదీ లేదు. అసలు కోట ద్వారాలు రాతిగోడలో, మట్టిగోడలో ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో తోరణం ఉండడంతో కోట అంటే అదేనన్న అభిప్రాయం ఇంకా బలపడింది.

మట్టికోట ఎక్కడుంది? నాకు రాతిగోడ తప్ప ఏమీ కనబడలేదు.

మీరు దాన్ని దాటే లోపలికి వచ్చారు. ఓరుగల్లు కోటను గుండ్రటి వలయాలుగా కట్టారు. లోపలి వలయం రాతికోట, వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని బయట, దాదాపు అంతకు రెట్టింపు వ్యాసంతో, అంటే సుమారు 2.4 కిలోమీటర్లతో మట్టికోట ఉంది. రెండింటికీ బయటివైపు అగడ్తలు ఉన్నాయి. మట్టిగోడ మీద గడ్డి, తుమ్మచెట్లు పెరిగి, అంచులు వానకు కరిగి వాలుగా మారడంతో ఇప్పుడది చెరువుకట్టలా కనిపిస్తుంది. నేల మీద నిలబడి చూస్తే వంపు తెలియదు. ఉపగ్రహ చిత్రంలో చూడండి, వలయాలు రెండూ స్పష్టంగా కనబడతాయి.

వేయిస్తంభాల గుడి ఈ కోటలోదేనా?

కాదు, అది హనుమకొండలో ఉంది. కాకతీయుల పాత రాజధాని హనుమకొండే. 1163లో రుద్రదేవుడు ఆ గుడి కట్టించేనాటికి రాజధాని ఇంకా ఓరుగల్లుకు మారలేదు. ఈరోజు హనుమకొండ, వరంగల్ ఒకే ఊరిలా కలిసిపోవడంతో ఈ పొరపాటు వస్తోంది.

## కట్టిన కాలం

ఈ కోట కట్టింది గణపతిదేవుడా, రుద్రమదేవా?

ఇద్దరి పనీ ఉంది. హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారాలన్న ఆలోచన రుద్రదేవుడి కాలం నాటికే ఉందని చెబుతారు. నగరాన్ని, కోటను పెద్ద ఎత్తున లేపింది మాత్రం 1199 నుంచి 1262 దాకా ఏలిన గణపతిదేవుడు. ఆయన కూతురు రుద్రమదేవి ఆ పనిని పూర్తిచేసి, రాతిగోడ ఎత్తును 20 అడుగులకు పెంచి, బయట మట్టిగోడనూ అగడ్తనూ ఏర్పాటు చేయించిందని సంప్రదాయ చరిత్ర చెబుతోంది. పరీక్షల్లో ఒక్క పేరే రాయాల్సి వస్తే ప్రశ్నలో ‘ప్రారంభం’ అన్నారా, ‘పూర్తి’ అన్నారా చూసుకోండి. బయటి రక్షణ వరకు నా దృష్టిలో ఘనత రుద్రమదే. ఒక స్త్రీ సింహాసనం ఎక్కడాన్ని ఒప్పుకోని సామంతులు ఒకపక్క, దేవగిరి యాదవ రాజుల దాడి ఇంకోపక్క. అలాంటి పాలనలో ఆమె కోట మీద పెట్టిన శ్రద్ధకు అర్థం ఉంది.

ఇంత రాయి దొరికే చోట బయటిగోడ మట్టితో ఎందుకు కట్టారు?

ఇది డబ్బు మిగుల్చుకోవడానికి చేసిన పని కాదు. మట్టిగోడ రాతిగోడ చేయలేని పని చేస్తుంది. ఆ రోజుల్లో కోటల్ని కొట్టడానికి మంజనీకులు వాడేవారు. అవి పెద్ద పెద్ద రాతిగుండ్లను విసిరే కొయ్య యంత్రాలు. రాతిగోడకు గుండు తగిలితే ఆ అదురుకు రాళ్లు పగులుతాయి, కీళ్లు వదులవుతాయి, దెబ్బ మీద దెబ్బ పడేకొద్దీ గోడ కూలుతుంది. గట్టిగా దిమ్మిస చేసిన మందపాటి మట్టి దెబ్బను తనలోకి తీసుకుంటుంది. గుంట పడుతుంది తప్ప గోడ విరగదు. ఆ గుంటను రాత్రికి రాత్రి గంపలతో మట్టిపోసి పూడ్చేయొచ్చు.

అగడ్త తవ్వితే వచ్చిన మట్టే గోడకు పనికొచ్చింది. గోడ లేచేకొద్దీ దాని ముందు లోతూ పెరిగింది. అగడ్త వెడల్పు 150 అడుగుల దాకా ఉండేదని లెక్క. శత్రువు యంత్రాలను రాతికోటకు అందనంత దూరంలో ఆపడమే ఈ మొత్తం ఏర్పాటు ఉద్దేశం.

సున్నం వాడకుండా రాతిగోడ ఎలా నిలబడింది?

బరువు వల్ల, చెక్కడం వల్ల. గ్రానైటు దిమ్మెలను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చెక్కి పేర్చారు. గోడ వెనక, అంటే కోట లోపలివైపు, మట్టి కట్ట దన్నుగా ఉంది. అంటే బయటికి రాతిముఖం, లోపల మట్టి వీపు. గోడ దగ్గర నిలబడి చూస్తే దిమ్మెలు ఒకే కొలతవి కావని తెలుస్తుంది. ఒక రాయి మూల కత్తిరించి పక్కరాయిని అందులో ఇరికించిన చోట్లు కనిపిస్తాయి. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా కొన్ని చోట్ల ఆ కీళ్లలో వేలు దూరదు.

బురుజులు ఎన్ని? ఒకచోట 45 అని, ఒకచోట 77 అని ఉంటుంది.

రాతికోట గోడకు ఈరోజు లెక్కించేవి 45. ఇవి ఒక్కో పక్క 40 నుంచి 60 అడుగుల కొలతతో, గోడ నుంచి ముందుకు, అగడ్తలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. 77 అన్న లెక్క కాకతీయుల తర్వాత చాలా కాలానికి, విజయనగర కాలంలో రాసిన తెలుగు చరిత్ర కథనాల నుంచి వచ్చింది. నేల మీద చూసి ఇచ్చిన లెక్కకూ, కథలో చెప్పిన లెక్కకూ తేడా ఉండడంలో వింత లేదు. మీరు చూసిన కోట గురించి రాస్తే 45 అని రాయండి. నాయకుల కథ గురించి రాస్తే 77 అని, అది కథనంలోని సంఖ్య అని చెప్పి రాయండి.

ఇక్కడి బురుజులు గుండ్రంగా లేవేంటి? గోల్కొండలో గుండ్రంగా ఉంటాయి కదా?

కాలం తేడా. ఓరుగల్లు రాతికోట బురుజులు పలకలుగా, నాలుగు మూలలతో ఉంటాయి. వీటిని కట్టినప్పుడు దక్కన్‌లో ఫిరంగి లేదు. బురుజు పని ఒక్కటే: గోడకు ఆనుకుని నిచ్చెన వేస్తున్న శత్రువును పక్కనుంచి బాణంతో కొట్టడం. గోడ మీద నిలబడినవాడికి సరిగ్గా తన కాళ్లకింద ఉన్నవాడు కనబడడు, వంగి చూస్తే తనకే బాణం తగులుతుంది. గోడలోంచి ముందుకు వచ్చిన బురుజు మీద నిలబడితే రెండు పక్కలా గోడ పాదం దాకా కనబడుతుంది. ఒక బురుజు కింద ఉన్న శత్రువును పక్క బురుజు మీదివాళ్లు చూసుకుంటారు. ఫిరంగులు వచ్చాక మూలలు బలహీనమయ్యాయి, గుండు తగిలితే మూల ముందు విరుగుతుంది. అందుకే తర్వాతి కోటల్లో గుండ్రటి బురుజులు ఎక్కువ.

ద్వారం దగ్గర దారి అన్ని వంకరలు ఎందుకు తిరుగుతుంది?

ఏనుగుల కోసం. కోట తలుపుల్ని బద్దలుకొట్టడానికి ఏనుగుల్ని ఉసిగొల్పేవారు. ఏనుగు నేరుగా పరుగెత్తుకొస్తేనే ఆ దెబ్బకు బలం. ఓరుగల్లు ద్వారంలోకి వచ్చినవాడికి ఎదురుగా గోడ కనబడుతుంది. పక్కకు తిరగాలి, ఇరుకు ఆవరణలోకి రావాలి, మళ్లీ తిరగాలి. ఏనుగుకు వేగం అందదు, గుర్రాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఈలోగా చుట్టూ గోడల మీదినుంచి బాణాలూ రాళ్లూ పడుతూనే ఉంటాయి. ఈ ద్వారాల్లో ఈరోజు ఆటోలు కూడా హారన్ కొట్టి నెమ్మదిగా తిరగాల్సిందే.

గోడ పైకి సైనికులు ఎక్కడినుంచి ఎక్కేవారు?

ఎక్కడినుంచైనా. గోడ లోపలివైపు మట్టి కట్ట మీద రాతిమెట్లు పరిచారు. ఏదో ఒక మూల ఒక మెట్లదారి కాదు, గోడ పొడుగునా మెట్లు ఉన్నాయి. స్నానఘట్టంలా కనబడే ఈ మెట్లను చూసి ఇక్కడ చెరువు ఉండేదా అని అడుగుతుంటారు. పశ్చిమాన దాడి మొదలైందని కబురొస్తే ఆ పక్కనున్న వందలమంది ఒకేసారి పైకి ఎక్కగలిగే ఏర్పాటిది. కోటంతటిలో నాకు బాగా నచ్చినది ఇదే. శిల్పం లేదు, శాసనం లేదు, కానీ కట్టినవాళ్లు యుద్ధాన్ని ఎంత దగ్గరగా ఊహించారో ఇందులో తెలుస్తుంది.

ఒక్కో బురుజుకు ఒక్కో నాయకుడు కాపలా అంటారు, నిజమేనా?

77 బురుజులను 77 మంది నాయకులకు అప్పగించారన్న మాట సంప్రదాయ కథనాలది. కచ్చితంగా అంతమంది, సరిగ్గా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అనడానికి కాకతీయుల నాటి రాతపూర్వక ఆధారం కాదది. కానీ కథ వెనక ఉన్న నాయంకర పద్ధతి నిజం. రాజు ఒక నాయకుడికి కొన్ని ఊళ్ల ఆదాయం ఇస్తాడు, అతడు ఆ ఆదాయంతో సైన్యాన్ని పోషించి రాజు పిలిచినప్పుడు తీసుకురావాలి. రుద్రమదేవి, ఆమె తర్వాత ఏలిన మనవడు ప్రతాపరుద్రుడి కాలంలో పేరున్న వంశాల బయటివాళ్లు కూడా యుద్ధంలో పనితనంతో ఇలా పైకొచ్చారు. కోట పడిపోయాక తెలుగు నేలను మళ్లీ నిలబెట్టింది కూడా ఈ నాయకులే.

## ముట్టడులు

కోటను మొత్తం ఎన్నిసార్లు ముట్టడించారు?

ఢిల్లీ సుల్తానుల కాలంలో గోడల దాకా వచ్చిన ముట్టడులు నాలుగు: 1310, 1318, 1321–22, 1323. అంతకుముందు 1303లో అలాఉద్దీన్ ఖల్జీ పంపిన సేన బయలుదేరింది కానీ కోట దాకా రాలేదు. కరీంనగర్ ప్రాంతంలోని ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేనలు దాన్ని ఓడించి తిప్పికొట్టాయి. అయిదు దండయాత్రలు అని కొన్ని పుస్తకాల్లో ఉండేది దీన్ని కూడా కలుపుకొని.

1310లో మాలిక్ కాఫుర్ మట్టికోటను ఎలా దాటగలిగాడు?

మాలిక్ కాఫుర్ అలాఉద్దీన్ ఖల్జీ సేనాని. జనవరిలో అతని సేన ఓరుగల్లు చేరింది. ముందు హనుమకొండ గుట్ట మీదినుంచి కోటను పరికించారు. తర్వాత మట్టికోట చుట్టూ గుడారాలు వేసి, రాత్రిపూట కాకతీయులు బయటికొచ్చి దాడిచేయకుండా తమ శిబిరానికి కొయ్యలతో కంచెగోడ కట్టుకున్నారు. అంటే కోటను ముట్టడించినవాళ్లే తమ చుట్టూ ఇంకో కోట కట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ల భయం ఉత్తదేమీ కాదు. కాకతీయ గుర్రపుదళం ఒక రాత్రి నిజంగానే వచ్చి మీద పడింది.

ఆ తర్వాత వారాల తరబడి మంజనీకులతో కొట్టారు, అగడ్తను మట్టితో పూడ్చారు. గోడ దాకా వాలుదారి కట్టాలనుకున్నారు కానీ దానికి చాలా రోజులు పడుతుందని వదిలేసి, రాత్రికి రాత్రి పొడవాటి నిచ్చెనలు సిద్ధం చేసి ఎక్కారు. ఫిబ్రవరిలో మట్టికోట వాళ్ల చేతికి చిక్కింది. అయినా ఓరుగల్లు పడలేదు. లోపల రాతికోట, దాని ముందు నీళ్లున్న అగడ్త అలాగే ఉన్నాయి. ప్రతాపరుద్రుడు అక్కడ సంధికి వచ్చి ఏనుగులు, గుర్రాలు, నగలు ఇచ్చి, ఏటా కప్పం కడతానన్నాడు. మార్చిలో సేన తిరిగి వెళ్లింది. బయటిగోడ తన పని చేసిందనే అంటాను. నగరానికి బేరమాడే గడువు సంపాదించి పెట్టింది.

మట్టిగోడ గురించి శత్రువులు కూడా పొగిడారట, ఎవరు?

అమీర్ ఖుస్రో. ఢిల్లీ ఆస్థానకవి, ఖల్జీల విజయాలను పారశీకంలో రాసినవాడు. ఓరుగల్లు బయటిగోడ మట్టిదే అయినా ఉక్కు ఈటె కూడా అందులో దిగదని, మంజనీకు గుండు తగిలితే పిల్లలు ఆడుకునే గింజలా ఎగిరి వెనక్కి పడుతుందని వర్ణించాడు. కవి మాట కాబట్టి అలంకారం ఉంటుంది. పైగా శత్రువు కోటను గొప్పగా చెబితే గెలిచినవాడి గొప్ప పెరుగుతుంది. ఆ మేరకు తగ్గించుకుని చదివినా, ఎదురుపక్షం మట్టిగోడను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని రాసిందన్నది మిగులుతుంది.

1318లో ఏం జరిగింది?

కప్పం ఆగిపోవడంతో ఖుస్రో ఖాన్ అనే సేనాని వచ్చాడు. ఇతను వేరు, కవి అమీర్ ఖుస్రో వేరు. ఈసారి అగడ్తను పూడ్చి దాదాపు 450 అడుగుల పొడవున మట్టి వాలుదారి కట్టి రాతిగోడను ఢీకొన్నారు. ప్రతాపరుద్రుడు లొంగిపోయి కప్పానికి మళ్లీ ఒప్పుకున్నాడు. కోటగోడ మీద నిలబడి ఢిల్లీ దిక్కుకు వంగి నమస్కరించాడని ఢిల్లీ పక్షం రాతలు చెబుతాయి.

ఉలుగ్ ఖాన్ ఒకసారి ఓడిపోయి వెళ్లాడంటారు. మరి తర్వాత ఎలా గెలిచాడు?

ఉలుగ్ ఖాన్ అంటే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సుల్తాన్ అయినవాడే. 1321లో వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. కోట లొంగలేదు. ఇంతలో ఢిల్లీలో సుల్తాన్ చనిపోయాడన్న పుకారు శిబిరంలో లేచింది. సేనానులు ఎవరి దారి వాళ్లు చూసుకోవడంతో అతను వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

1323లో తిరిగొచ్చినప్పుడు దారిలో బీదరు, బోధన్ కోటలను ముందు పట్టుకున్నాడు. వెనకనుంచి సరుకులు, కబుర్లు వచ్చే దారి ఈసారి అతని చేతిలో ఉంది. ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా వచ్చిపడిన ఈ రెండో ముట్టడిని ఓరుగల్లు కొన్ని నెలలు తట్టుకుని, చివరికి లొంగిపోయింది.

అంత బలమైన కోట ఎలా పడిపోయింది? ఎవరైనా ద్రోహం చేశారా?

ద్రోహం కథలు జనంలో ఉన్నాయి. ఏ ఓటమికైనా అవి పుడతాయి. కానీ పదమూడేళ్లలో నాలుగు ముట్టడులు పడ్డ నగరం ఇది. ప్రతిసారీ ఏనుగులు, గుర్రాలు, ఖజానా పోయాయి. గోడలు నిలబడ్డాయి, వాటి వెనక ఉన్న మనుషులకు, తిండిగింజలకు హద్దు ఉంది. కోట పని శత్రువును ఆలస్యం చేయడం, ఆ ఆలస్యంలో బయటినుంచి సాయం రావాలి. 1323లో అలాంటి సాయం రాలేదు. గోడను తప్పుపట్టడానికి నాకు కారణం కనబడదు.

ప్రతాపరుద్రుడు కోటలోనే చనిపోయాడా?

లేదు. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా దారిలో నర్మదా తీరాన చనిపోయాడు. ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం ఈ మాట చెబుతోంది. తన ఇష్టంతోనే ప్రాణం విడిచాడన్న అర్థం వచ్చేలా 1423 నాటి కలువచేరు శాసనంలో ఉంది.

## కాకతీయుల తర్వాత

ఓరుగల్లును సుల్తాన్‌పూర్ అని పిలిచారా?

అవును, తుగ్లకులు పట్టుకున్నాక ఆ పేరు పెట్టారు. స్వయంభూ ఆలయాన్ని పడగొట్టారు, తోరణాలు మాత్రం నిలిచాయి. వాటికి పడమరగా ఉన్న ఖుష్ మహల్, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలిన మందపాటి గోడలతో, ఆ తర్వాతి కాలపు కట్టడమే. కొత్త పేరు నిలవలేదు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు.

ఈ బురుజుల మీద ఫిరంగులు ఉండేవా?

కాకతీయుల కాలంలో లేవు. దక్కన్‌లో ఫిరంగులు గట్టిగా వాడుకలోకి వచ్చింది 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దంలో. అప్పటికి ఓరుగల్లు రాజధాని కాదు. టీవీ సీరియళ్లలో రుద్రమదేవి వెనక ఫిరంగి కనబడితే నమ్మకండి.

కోటగోడల్లో గుడి రాళ్లు ఎందుకున్నాయి?

పడిపోయిన ఆలయాల రాళ్లను తర్వాతి పాలకులు మరమ్మతులకు, ద్వారాల ముందు అదనపు గోడలకు వాడారు. చెక్కడం ఉన్న రాయి పక్కన నున్నటి రాయి, తలకిందులుగా పెట్టిన స్తంభం ముక్క కనబడితే అది కాకతీయుల నాటి పేర్పు కాదని అనుకోవచ్చు. ద్వారాల దగ్గర ఇది ఎక్కువ.

## ఇప్పుడు చూడాలనుకుంటే

కోటలోపల ఊరు ఉందా?

ఉంది. ఖిలా వరంగల్‌లో తరతరాలుగా జనం ఉంటున్నారు. పడమర కోట, మధ్యకోట, తూర్పు కోట అని వాడల పేర్లు. రెండు గోడల మధ్య పొలాలు, ఇళ్లు, చిన్న గుళ్లు ఉన్నాయి. తూర్పు, పడమర ద్వారాల గుండా రోడ్డు ఇప్పటికీ నడుస్తోంది.

యునెస్కో గుర్తింపు ఉందా?

ఓరుగల్లు కోటకు లేదు. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడితో కలిపి 2014లో తాత్కాలిక జాబితాలో చేర్చారు. 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది మాత్రం రామప్పకు ఒక్కదానికే.

మట్టికోటను ఎవరూ కాపాడడం లేదా?

కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కానీ మట్టికోటకు ఉన్న ఇబ్బంది వేరు. రాతిగోడలోంచి ఒక దిమ్మె పోతే అందరికీ తెలుస్తుంది. మట్టిగోడ అంచును ఒక ట్రాక్టర్ లోడు తవ్వుకెళ్తే ఎవరికీ తెలియదు, ఒక వాన పడితే ఆ గాటు కూడా పాతదానిలా అయిపోతుంది. అగడ్త పూడిపోయిన చోట ఖాళీ స్థలంలా కనబడుతుంది, అక్కడ షెడ్డు లేస్తుంది. అది గట్టు కాదు, కోట అని చుట్టుపక్కలవాళ్లకు, చూడవచ్చేవాళ్లకు తెలిస్తేనే శాఖ పెట్టే బోర్డుకు విలువ. పిల్లల్ని తీసుకెళ్లే టీచర్లు తోరణాల దగ్గర ఫొటో దిగేముందు ఒక్క పది నిమిషాలు మట్టికోట దగ్గర బస్సు ఆపితే బాగుంటుంది.

ఏ క్రమంలో చూస్తే కోట అర్థమవుతుంది?

వరంగల్ స్టేషన్ నుంచి కోట కొద్ది కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతాయి. మట్టికోట ద్వారం దగ్గర దిగిపోండి. గోడ రెండు పక్కలా ఎంత మందం ఉందో చూసి, అక్కడినుంచి రాతికోట దాకా నడవండి. మంజనీకుకు అందకుండా ఉంచిన దూరం ఎంతో కాళ్లకు తెలుస్తుంది. రాతిద్వారంలో మలుపులు తిరిగాక లోపలి మెట్లు చూడండి, ఆ తర్వాతే తోరణాలు. చివర్లో కోటలోనే ఉన్న ఏకశిల గుట్ట ఎక్కితే రాతిగోడ వలయం, అగడ్తలో మిగిలిన నీళ్లు పైనుంచి కనబడతాయి.

ఎండాకాలం మధ్యాహ్నం వద్దు, ఆ బండ కాలిపోతుంది. వానలు తగ్గిన కొత్తల్లో పచ్చదనం, నీళ్లు రెండూ ఉంటాయి కానీ మట్టిగోడ వాలు జారుతుంది. దాని మీదికి అడ్డదారిలో ఎక్కొద్దు. పడతారన్న టెన్షన్ ఒకటైతే, అలా పడే అడుగుల దారిలోనే తర్వాతి వానకు నీళ్లు పారి గోడ కోసుకుపోతుంది.